1928లో దొరికిన పెన్సిలిన్ సైనికులకు విరివిగా అందడానికి 1944 దాకా ఎందుకు పట్టింది?

ప్రశ్న (జీవశాస్త్ర అధ్యాపకురాలు)

సూక్ష్మజీవుల పాఠం చెప్పే ప్రతిసారీ అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ప్రస్తావన వస్తుంది. 1928 సెప్టెంబరులో, లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి ప్రయోగశాలలో, ఒక గాజు పళ్లెంలో పెరిగిన బూజు చుట్టూ స్టెఫైలోకాకస్ బాక్టీరియా నశించి ఉండటాన్ని ఆయన గమనించి, మరుసటి ఏడాది ఆ విషయాన్ని ప్రచురించారు. మేము పాఠం చెప్పేటప్పుడు అక్కడి నుండి నేరుగా రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిపోతాము. ఆ నడిమి కాలంలో ఏం జరిగిందని ఈసారి ఒక విద్యార్థిని అడిగింది. ఇంత గొప్ప మందు చేతిలో ఉండగా అన్నేళ్లు ఎందుకు ఊరుకున్నారు? యుద్ధకాలంలో బ్రిటన్ ప్రధానమంత్రి చర్చిల్‌ను న్యుమోనియా నుండి కాపాడింది పెన్సిలినేనని చదివాను, అది నిజమేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (విశ్రాంత ఫార్మసీ ఆచార్యుడు)

అమ్మా, 1928లో చేతికి దొరికింది మందు కాదు, బూజు పెరిగిన ద్రవం మాత్రమే. అందులో పెన్సిలిన్ అత్యల్పంగా ఉండేది, పైగా వేడికి, ఆమ్లానికి, క్షారానికి త్వరగా చెడిపోయేది. లండన్‌లోనే హెరాల్డ్ రైస్ట్రిక్ అనే రసాయనవేత్త 1930ల మొదట్లో దాన్ని ఆమ్లపు ద్రవం నుండి ఈథర్‌లోకి రప్పించగలిగారు గాని, ఈథర్‌ను ఆవిరి చేయగానే పెన్సిలిన్ కూడా పోయేది. కథ అక్కడ ఆగింది.

దాన్ని మళ్లీ కదిలించినవారు ఆక్స్‌ఫర్డ్‌లోని హోవర్డ్ ఫ్లోరే, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ. ఈ ముగ్గురిలో హీట్లీ గురించి మీ విద్యార్థులకు తప్పకుండా చెప్పండి. ఈథర్‌ను ఆవిరి చేయకుండా, కొద్దిగా క్షారగుణం ఉన్న నీటిలోకి పెన్సిలిన్‌ను తిరిగి రప్పించవచ్చునని సూచించింది ఆయనే. వినడానికి చిన్న సంగతి, కాని రైస్ట్రిక్‌ను ఆపేసిన గోడను కూల్చింది అదే. 1940 మే 25న ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా ఎక్కించిన ఎనిమిది ఎలుకల్లో మందు ఇచ్చిన నాలుగూ బతికాయి, ఇవ్వని నాలుగూ తెల్లవారేలోగా చనిపోయాయి. అప్పటికి ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ రేవు నుండి బ్రిటిష్ సేనలు వెనుదిరగబోతున్నాయి. జర్మన్లు దేశంలోకి వస్తే బూజు వంగడం నశించిపోకూడదని ఈ పరిశోధకులు దాని బీజాలను తాము తొడుక్కునే కోటు లోపలి గుడ్డకు రుద్దుకున్నారు.

ఎలుకకు సరిపోయిన మోతాదు మనిషికి ఏ మూలకూ చాలదు. ఆ బూజు, ద్రవపు ఉపరితలం మీదనే పెరుగుతుంది కనుక, వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే పాత్రలు వందల సంఖ్యలో కావలసి వచ్చాయి. ఆసుపత్రులలో మంచం దిగలేని రోగులకు మలమూత్రాల కోసం పెట్టే పళ్లేలు (బెడ్‌పాన్లు) అందుకు బాగా పనికివచ్చాయి. తర్వాత అదే ఆకారంలో పింగాణీ పాత్రలను స్టాఫర్డ్‌షైర్ కుమ్మరి కర్మాగారంలో చేయించారు. 1941 ఫిబ్రవరి 12న తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఒక కన్ను కూడా కోల్పోయిన ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఇంజెక్షన్లు మొదలుపెట్టగా ఒక్క రోజులోనే మార్పు కనిపించింది. మూత్రపిండాలు ఈ మందును వెంటనే బయటికి పంపేస్తాయి కనుక, ఆయన మూత్రం నుండి కూడా పెన్సిలిన్‌ను తిరిగి తీసి వాడారు. అయినా కొద్ది రోజుల్లోనే నిల్వ అయిపోయింది, మార్చి 15న ఆయన మరణించారు. మందు పని చేస్తుందని తెలిసి కూడా రోగిని కాపాడలేకపోయిన ఆ వైద్యుల పరిస్థితిని తలచుకుంటే నాకు నేటికీ బాధ కలుగుతుంది.

1945 నోబెల్ బహుమతిని ఫ్లెమింగ్, ఫ్లోరే, చెయిన్ పంచుకున్నారు. హీట్లీకి ఆక్స్‌ఫర్డ్ గౌరవ వైద్య డాక్టరేటు ఇచ్చింది 1990లో.

సమాధానం 2 (కిణ్వన పరిశ్రమలో, అంటే సూక్ష్మజీవులతో పులియబెట్టే పరిశ్రమలో పనిచేసిన ఇంజనీరు)

ఆచార్యులవారు చెప్పినదానికి అమెరికా భాగాన్ని కలుపుతాను. బాంబు దాడుల కింద ఉన్న బ్రిటన్‌లో పెద్ద ఎత్తున తయారీ సాధ్యం కాదని, 1941లో ఫ్లోరే, హీట్లీ అమెరికా వెళ్లారు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా వ్యవసాయ పరిశోధనాలయంలో ఆండ్రూ మోయర్ మొక్కజొన్న నుండి పిండి తీసేటప్పుడు గింజలు నానబెట్టగా మిగిలే నీటిని బూజుకు ఆహారంగా ఇచ్చారు, దిగుబడి అనేక రెట్లు పెరిగింది. 1943లో అదే ఊళ్లో ఒక కర్బూజా పండు మీద దొరికిన వంగడం ద్రవం లోపల మునిగి కూడా బాగా పెరిగేది.

ఆ మునిగి పెరిగే గుణమే అసలు మలుపు అని నా అభిప్రాయం. పళ్లేలు పేర్చుకుంటూ పోయే పద్ధతితో ఒక సైన్యానికి సరిపడా మందు రాదు. పెద్ద ట్యాంకులో పెంచాలంటే సూక్ష్మజీవులు లేని గాలిని నిరంతరం పంపాలి, కలుపుతూ ఉండాలి, నురగను అదుపు చేయాలి, ఒక్క వేరే సూక్ష్మజీవి లోపలికి చేరినా ట్యాంకు మొత్తం పారబోయాలి. సిట్రిక్ ఆమ్లాన్ని కిణ్వనంతో తయారుచేసిన అనుభవం ఉన్న ఫైజర్ సంస్థ బ్రూక్లిన్‌లోని పాత ఐసు కర్మాగారంలో ఒక్కొక్కటి 7,500 గ్యాలన్లు పట్టే 14 ట్యాంకులతో 1944 మార్చి 1న ఉత్పత్తి మొదలుపెట్టింది. అమెరికా మొత్తం ఉత్పత్తి 1943లో 2,100 కోట్ల యూనిట్లు కాగా, 1944లో అది 1,66,300 కోట్లకు చేరింది. ఆ జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన మిత్రరాజ్యాల సేనలకు మందు ఉందంటే కారణం ఇదే.

సమాధానం 3 (వైద్యుడు)

చర్చిల్ సంగతి నిజం కాదు. 1943 డిసెంబరులో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ వద్ద ఆయనకు న్యుమోనియా వచ్చినప్పుడు ఇచ్చింది ఎం అండ్ బి 693 అనే సల్ఫా మందు, అంటే సల్ఫాపిరిడిన్. యుద్ధం తొలి సంవత్సరాలలో గాయపడినవారిని ఆదుకున్నవి ఎక్కువగా సల్ఫా మందులే. వాటికి దారి వేసిన ప్రాంటోసిల్ జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ పరిశోధన నుండి 1935లో వెలువడింది. అమెరికా సైనికులు గాయం మీద చల్లుకునేందుకు సల్ఫా పొడి పొట్లాన్ని వెంట ఉంచుకునేవారు. అయితే చీము పట్టిన గాయంలో సల్ఫా సరిగా పని చేయదు, పెన్సిలిన్ చేస్తుంది. 1943లో ఫ్లోరే, శస్త్రవైద్యుడు హ్యూ కేర్న్స్ ఉత్తర ఆఫ్రికాకు వెళ్లి, అంతవరకు తెరిచి ఉంచే గాయాలను శుభ్రపరచి, పెన్సిలిన్ పెట్టి, త్వరగా కుట్టివేయవచ్చునని చూపారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇలాంటి మందుల పరిశోధనలో మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పాత్ర కూడా యుద్ధకాలంలోనిదేనా?

సమాధానం 1 ఇచ్చినవారు

భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు 1940లో అమెరికాలోని లెడర్లే సంస్థలో చేరి, అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించారు. ఆ సంస్థలోనే, మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవులను పరీక్షిస్తూ, బెంజమిన్ డగ్గర్ 1945లో ఆరియోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను కనుగొన్నారు. దాన్ని ప్రకటించినది 1948లో. అందువల్ల అది యుద్ధరంగానికి చేరలేదు. ఆనాటి పెన్సిలిన్ కడుపులోని ఆమ్లానికి చాలావరకు చెడిపోయేది కనుక సూది ద్వారా ఇవ్వవలసి వచ్చేది. ఆరియోమైసిన్‌ను నోటి ద్వారా ఇవ్వవచ్చు, పెన్సిలిన్‌కు లొంగని టైఫస్ వంటి జ్వరాల మీద కూడా అది పని చేసింది. తరగతిలో కనుగొన్నవారిగా డగ్గర్ పేరును, ఆ పరిశోధనను నడిపినవారిగా సుబ్బారావు గారి పేరును చెప్పండి.