‘శివారు’ అంటే దేనికి శివారు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియా జనాభా లెక్కల నుంచి ఒక చిన్న ప్రాంతం వివరాలు తెలుగులో రాస్తున్నాను. ఇళ్ళు తక్కువ, చుట్టూ పొలాలే. అయినా ఆ పేజీ దాన్ని ‘రూరల్ సబర్బ్’ అంటోంది. నేను ‘గ్రామీణ శివారు’ అని రాశాను. చదివిన స్నేహితురాలు “ఇది ఏ ఊరికి శివారు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఉపనగరం అనాలా, పొలిమేర అనాలా? అలాగే ‘మీడియన్ ఏజ్’ని సగటు వయసు అనీ, ‘హౌస్‌హోల్డ్’ని కుటుంబం అనీ రాశాను. సరిపోతాయా?

జవాబు:
అసలు ప్రశ్న మీ స్నేహితురాలే అడిగారండీ. తెలుగులో శివారు అన్న మాట ఒంటరిగా నిలబడదు. మనం దాన్ని మూడు సందర్భాల్లో వాడతాం. పేపర్లో ‘నగర శివార్లలో’ అని రాస్తే పట్నం అంచు. రెవెన్యూ వాళ్ళు ‘శివారు గ్రామం’ అంటే ఒక పెద్ద గ్రామం లెక్కలో కలిసిపోయి ఉండే చిన్న పల్లె. రైతులు ‘శివారు భూములు’ అన్నారంటే కాలువ చివర ఉన్న పొలాలు, నీళ్ళు అందరికన్నా ఆలస్యంగా అందేవి. మూడింటిలోనూ ఒక మొదలు ఉంటుంది. శివారు దాని చివర. మరాఠీలో కూడా ‘శివార్’ ఉంది, అక్కడ ఊరి చుట్టూ ఉన్న పొలాలు అని అర్థం.

ఆస్ట్రేలియాలో ‘సబర్బ్’ అలాంటి మాట కాదు. లాటిన్‌లో పుట్టినప్పుడు ఊరికి దగ్గరగా ఉన్నది అనే అర్థమే ఉండేది. ఇప్పుడు ఆ దేశంలో పేరు పెట్టి, హద్దులు గీసి, గెజిట్‌లో ప్రకటించిన ప్రాంతాన్ని అలా పిలుస్తారు. పట్నంలో అయితే సబర్బ్, పల్లె వైపు అయితే ఎక్కువగా లొకాలిటీ అంటారు. జనాభా లెక్కలు వేసే ఏబీఎస్ సంస్థ ఈ రెండింటినీ కలిపి ‘సబర్బ్స్ అండ్ లొకాలిటీస్’ అనే ఒకే వరుసలో ఇస్తుంది. అంటే మీ పేజీలో ఆ మాట ఆ ప్రాంతం స్వభావం చెప్పడం లేదు, లెక్క ఏ స్థాయిలో వేశారో చెబుతోంది. పక్కన పెద్ద ఊరు ఉండాల్సిన పని కూడా లేదు. కాబట్టి శివారు అని రాస్తే లేని పట్నాన్ని పాఠకుడు వెతుక్కుంటాడు.

మన జనాభా లెక్కల్లో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. పల్లెల్లో లెక్కకు ఆధారం రెవెన్యూ గ్రామం. దానికి సర్వే చేసిన హద్దులు ఉంటాయి. అందులో ఎన్ని శివారు పల్లెలు ఉన్నా అంకెలన్నీ ఒకే మొత్తంగా అచ్చు అవుతాయి. నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి ఇది. శివారు పల్లెకు పేరు ఉంది, మనుషులు ఉన్నారు, ఆ పల్లె అంకె మాత్రం విడిగా దొరకదు. ప్రధాన గ్రామంలో బడి ఉంటే, ఊళ్ళ సౌకర్యాలు చెప్పే గ్రామ డైరెక్టరీ పట్టికలో గ్రామానికి బడి ఉన్నట్టే. ఒక సౌకర్యం గ్రామంలో లేకపోతేనే అది 5 కిలోమీటర్ల లోపా, 5 నుంచి 10 మధ్యా, 10 దాటా అని ఆ డైరెక్టరీ చెబుతుంది. పల్లె నుంచి ప్రధాన గ్రామానికి నడిచే దూరానికి అందులో గడి లేదు.

మీడియన్‌ని సగటు అనకండి. బడి పుస్తకాల్లో దానికి ‘మధ్యగతం’ అనే మంచి మాట ఉంది. అందరినీ వయసు వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారి వయసు అది. చిన్న చోట రెండింటినీ జాగ్రత్తగా చదవాలి. అయిదుగురి వయసులు 4, 6, 30, 34, 86 అనుకోండి. మధ్యగతం 30, సగటు 32. ఆ పెద్దాయన ఇల్లు మారితే మిగిలిన నలుగురి సగటు 18.5కి పడిపోతుంది. మధ్యగతం కూడా 18కి దిగుతుంది. ఇంత తక్కువ మందిలో ఏ కొలతా నిలకడగా ఉండదని మీరు ఒక వాక్యం చేర్చగలిగితే ఇంకా మంచిది.

ఇంకొక సభ్యురాలు:
చక్కగా చెప్పారు. పొలిమేర గురించి ఒక మాట. అది పొలము, మేర కలిసిన పదం. మేర అంటే హద్దు. అంటే పొలిమేర ఒక గీత, మనుషులు కాపురం ఉండే చోటు కాదు. పొలిమేర దాటతాం, పొలిమేరలో కాపురం ఉండం. అందుకని ఇక్కడ కుదరదు.
సంస్కృతం వైపు వెళ్ళాలంటే అమరకోశంలో ‘శాఖానగరం’ ఉంది. మూలనగరం కాకుండా వేరే ఉన్న పురం అని దాని వివరణ. మొదలు, కొమ్మ అనే ఊహ. అదే కోశంలో గ్రామం అంచుకు ‘ఉపశల్యం’ అని ఉంది. పట్నానికి కొమ్మ అంటే ఒక మాట, పల్లె అంచు అంటే ఇంకో మాట, రెండూ వేరు అని వాళ్ళు స్పష్టంగా చూశారు. మనం ‘ఉపనగరం’ ఒక్కదానితో రెండింటినీ నింపేస్తున్నాం.

జవాబు:
శాఖానగరం గుర్తు చేసినందుకు చాలా సంతోషం అండీ. పట్నం పక్కన పెరిగిన ఊళ్ళకు అది ఇప్పటికీ పనికొస్తుంది. మన లెక్కల్లో అలాంటి ఊళ్ళు కొన్ని ‘సెన్సస్ టౌన్’ కింద వస్తాయి. జనాభా కనీసం 5,000 ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్ళలో కనీసం 75 శాతం మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. 2001లో ఇలాంటివి 1,362 ఉంటే 2011లో 3,894 అయ్యాయి. మున్సిపాలిటీ రాకపోయినా, పంచాయతీయే నడుపుతున్నా, లెక్కలో అది పట్నమే.

మూడో షరతు మళ్ళీ చదవండి. మగవాళ్ళ పని మాత్రమే చూస్తారు, అది కూడా ఏడాదిలో ఆరు నెలలు లేదా అంతకన్నా ఎక్కువ పని దొరికినవాళ్ళది. మగవాళ్ళు బస్సెక్కి పట్నంలో పనికి వెళ్ళి, ఆడవాళ్ళు ఊళ్ళో పొలం పనులు చేస్తుంటే, ఆ ఊరు పట్నం కింద జమ కావచ్చు. ఆ ఆడవాళ్ళ పని వేరే పట్టికలో ఉంటుంది గానీ ఊరికి పేరు పెట్టేటప్పుడు లెక్కకు రాదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

పేరు మారితే మాటల అర్థాలు కూడా మారిపోతాయి. 2011 లెక్కల్లో తాగునీరు ‘ఇంటి ఆవరణలో’, ‘దగ్గరలో’, ‘దూరంగా’ అని మూడు రకాలు. పల్లెలో 500 మీటర్ల లోపు అయితే దగ్గర. పట్నంలో 100 మీటర్ల లోపు అయితేనే దగ్గర. ఇంటికి 300 మీటర్లలో కుళాయి ఉందనుకోండి. ఊరు గ్రామంగా ఉన్నంతకాలం అది దగ్గర. సెన్సస్ టౌన్ కాగానే అదే కుళాయి దూరం అవుతుంది. బిందె మోసే మనిషికి ఏ మార్పూ లేదు. తెలుగులో దగ్గర, దూరం అని రాసి వదిలేస్తే ఈ తేడా ఎవరికీ తెలియదు. మీటర్లు కూడా రాయాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలు. కుటుంబం గురించి కూడా చెప్పండి. ఒంటరిగా ఉండే పెద్దలు కూడా ఆ పేజీలో ‘హౌస్‌హోల్డ్’ కిందే ఉన్నారు. ఒక్కరిని కుటుంబం అనడానికి నాకు చెయ్యి రావడం లేదు.

జవాబు:
మన జనాభా లెక్కల్లో ‘హౌస్‌హోల్డ్’ అంటే మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటగదిలో వండింది తినేవాళ్ళు. బంధుత్వం అక్కర్లేదు, ఒక్కరైనా చాలు. మన భాషలో ఇదే కొలత ఎప్పటి నుంచో ఉంది. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉన్నా ‘వేరు కుంపటి పెట్టుకున్నారు’ అంటే లెక్కకు ఇద్దరయ్యారనే కదా. గోడ కాదు, కుంపటి చూస్తాం. మన ఫారాల్లో కుటుంబం అని రాయడం అలవాటైపోయింది గానీ, దానికన్నా ఆ జాతీయం నిజానికి దగ్గరగా ఉంది.
ఆస్ట్రేలియా లెక్క మాత్రం కుంపటి చూడదు, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళను ఒకటిగా తీసుకుంటుంది. కాబట్టి మీ పేజీకి ‘ఇల్లు’ చాలు. ‘ఒంటరిగా ఒకరే ఉండే ఇళ్ళు’ అని రాయండి, ఎవరికైనా అర్థమవుతుంది.

ఇంకో జాగ్రత్త. ఎవరి వివరాలో గుర్తుపట్టకుండా ఉండటానికి ఏబీఎస్ అంకెలను కావాలని కొద్దిగా అటూ ఇటూ మారుస్తుంది. అందుకే చిన్న ప్రాంతాల్లో విడి అంకెలు కూడితే మొత్తంతో కలవకపోవచ్చు. మీరు తప్పు కూడారని టెన్షన్ పడి సరిచేయకండి. ‘నలుగురు’ అని అక్షరాల్లో రాసే బదులు ‘4’ అని ఉన్నది ఉన్నట్టు ఉంచండి. నలుగురు అంటే మనకు నాలుగు ముఖాలు కనిపిస్తాయి, ఆ పట్టిక అంత గట్టిగా చెప్పడం లేదు.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఇలా మారుస్తున్నాను: శీర్షికలో ‘పల్లె ప్రాంతం’, లోపల మొదటిసారి వచ్చిన చోట ‘అక్కడ సబర్బ్ అని పిలిచే, హద్దులున్న చిన్న ప్రాంతం’. సగటు తీసేసి మధ్యగతం. కుటుంబాలు తీసేసి ఇళ్ళు. శివారు అన్న మాట ఎక్కడా ఉంచడం లేదు.

ఇంకొక సభ్యురాలు:
ఒక్క చోట ఉంచండి. ఆ ప్రాంతం నుంచి ఆసుపత్రికి, హైస్కూలుకు ఎంత దూరం వెళ్ళాలో చెప్పే పేరా మీ దగ్గర ఉంటే, కాలువ శివారు అన్న అర్థంలో అక్కడ ఆ మాట సరిగ్గా కుదురుతుంది.