ఇంట్లోవాళ్ళతో సినిమాకు పోయి తలొంచుకున్నోళ్ళు ఎవరన్నా ఉండారా?

బురుజుకాడ_బాషా (కర్నూలు):
పండక్కి ఇంటిల్లిపాదీ సినిమాకు పోయినాం, అమ్మ, అత్త, చెల్లెలు, ఆరో తరగతి చదివే మా అక్క కొడుకు. సెన్సారోళ్ళు యూఏ సర్టిఫికెట్ ఇచ్చినారు కదా ఏముంటాదిలే అనుకున్నా. ఇంటర్వెల్‌కి ముందు కమెడియన్ మునక్కాయ పట్టుకొని మొదలుపెట్టినాడు సామీ, హాలంతా ఈలలు, సీను అయిపోయేదాకా మా అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తానే ఉంది, మావాడేమో మామా అందరూ ఎందుకు నగుతాండారు అని గట్టిగా అడగబట్టె. మీకిట్లాంటివి అయినాయా?

ఉగ్గాని_బజ్జి (ఆదోని):
కాకేం. నేను స్కూల్లో టీచర్ని, యాన్యువల్ డేకి పాటలు చెప్పండే అంటే ఐదో తరగతి ఆడపిల్లలు ఐటం సాంగే తెస్తారు, స్టెప్పులతో సహా. వద్దంటే తల్లులొచ్చి మా పాప బాగా ఎగురుతాది మేడం, ఏమైతాది అంటారు. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ పాటల్లో అసభ్యమైన స్టెప్పులు మానుకోండని సినిమావాళ్ళను హెచ్చరించింది కదా, ఆ వార్త ఫోన్లో చూపిస్తే "అది తెలంగాణ మేడం, మనది ఆంధ్రా" అనింది ఒకామె 😂

టవర్‌క్లాక్_టీ (అనంతపురం):
బాషా అన్నా, యూఏ అంటే పిల్లోళ్ళకు ఏం భయం లేదని కాదు, తల్లిదండ్రులు చూసుకోండి అని అంతే. 2023లో చట్టం మార్చి దాన్నే 7+, 13+, 16+ అని మూడు చేసినారు, ఇవి కూడా పెద్దోళ్ళకు సలహానే, గేటుకాడ 18 ఏండ్లు నిండలేదని ఆపాల్సింది 'ఏ' (A) సర్టిఫికెట్‌కు మాత్రమే. అసలు నవ్వొచ్చేది ఏందంటే 1991 నాటి సెన్సార్ మార్గదర్శకాల్లోనే నీచమైన కోరికలు రెచ్చగొట్టే ద్వంద్వార్థపు మాటలు వద్దని రాసి ఉంది. అమలు చేసేదెట్ల మరి? బూతు మాటైతే మ్యూట్ కొడతారు, మునక్కాయకు కొట్టలేరు గదా! మాట ముట్టుకోకుండా చూపుతోనో, వెనక మ్యూజిక్కుతోనో అర్థమయ్యేట్టు చేస్తారు, కాగితం మీద సీను శుద్ధంగానే ఉంటాది. ముద్దు సీను నిజాయితీగా తీసినోడికేమో 'ఏ' సర్టిఫికెట్ వస్తాది, దాన్ని అట్లనే టీవీలో వేసేదానికి కూడా లేదు.

కేతిగాడు_ఫ్యాన్ (ధర్మవరం):
అందరూ సినిమానే తిడతాండారు గానీ మన నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూసినారా ఎప్పుడన్నా? రామాయణం మధ్యలో నగించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క వచ్చి మాట్లాడుకునేది వింటే మీ మునక్కాయ ఏ మూలకు. మా జేజి ముందు వరుసలో కూర్చొని పడీపడీ నగేది. పెండ్లిండ్లల్లో ఆడోళ్ళు వియ్యపురాలి మీద పాడే పాటలు మాత్రం తక్కువా! బూతు మనకు కొత్త కాదప్పా. కాకపోతే కేతిగాడు ఒకటంటే బంగారక్క రెండంటాది, వాడి పరువు తీసి పంపిస్తాది. సినిమాలో ఆడమనిషికి డైలాగే ఉండదు, కెమెరా నడుము కాడే ఆగిపోతాది, అనేదంతా మొగోడే. నాకు కడుపు మండేది అందుకు.

ప్రొద్దుటూరు_పిల్ల:
కేతిగాడన్న చెప్పింది వంద శాతం. ఇంకోటి, సినిమాలో మన సీమ యాస ఎప్పుడు వినపడినా ఒకటి సుమోలు లేయాల, లేదంటే అమ్మానాయనలను లాగి తిట్టాల. మా నాయన నలభై ఏండ్లు బడిపంతులుగా చేసి అదే యాసలో పద్యాలు చెప్పినాడు, ఆ యాసను ఎవరూ తీయరు. హైదరాబాద్ హాస్టల్లో నేను నోరు తెరిస్తే చాలు "ఏదీ, ఒక బూతు తిట్టు" అని అడిగేవాళ్ళు.

బురుజుకాడ_బాషా:
చెల్లెమ్మా నిజం. ఓటీటీలో అయితే మరీ దారుణం, దానికి సెన్సారే లేదంట కదా?

టవర్‌క్లాక్_టీ:
అవును, సెన్సార్ లేదు, 2021 ఐటీ రూల్స్ ప్రకారం వయసు గుర్తు ఓటీటీవాళ్ళే వేసుకుంటారు. కంప్లైంట్ పెడితే 15 రోజుల్లో తేల్చాల. మీ ఇంట్లో అయితే ముందు పిల్లోడి ప్రొఫైల్ వేరే చేసి, మీదానికి పిన్ పెట్టన్నా.

ఉగ్గాని_బజ్జి:
కేతిగాడు గారూ, ఆ తోలుబొమ్మలవాళ్ళను యాన్యువల్ డేకి పిలిస్తే వస్తారా?

కేతిగాడు_ఫ్యాన్:
వస్తారు మేడం, గానీ రామాయణం వరకే ఆడమని ముందే చెప్పండి. కేతిగాణ్ణి వదిలితే మీ కరస్పాండెంట్ కుర్చీలోంచి లేచిపోతాడు.