కౌన్సెలర్ లేని హైస్కూల్లో పదో తరగతి పిలకాయలకు కౌన్సెలింగ్ ఎట్లా మొదలుపెట్టాలి?

ప్రశ్న: బయాలజీ టీచర్, జడ్పీ హైస్కూల్, ఉదయగిరి వైపు

పదో తరగతి రెండు సెక్షన్లూ కలిపి 70 మంది. చానామంది అమ్మానాన్నలు బెంగుళూరు, హైదరాబాద్ పనులకు పోయి ఉంటే, పిలకాయలు అవ్వాతాతల దగ్గర ఉండి చదువుకుంటున్నారు. కౌన్సెలింగ్ బాధ్యత హెచ్‌ఎం గారు నాకు అప్పజెప్పారు. శిక్షణేమీ లేదు, వారానికి రెండు పీరియడ్లు మాత్రం ఇస్తామన్నారు. దిగులుగా ఉండే పిల్లల్ని ఎట్లా కనిపెట్టాలి? వాళ్ళు చెప్పింది ఇంట్లో చెప్పొచ్చా? పది తర్వాత దారుల గురించి ఏం చెప్పాలి?

జవాబు: స్కూల్ కౌన్సెలర్, నెల్లూరు

మేడం, మనసు సంగతీ చదువు సంగతీ ఒకే రోజు కలపొద్దు. మార్కుల మాట ఎత్తిన తర్వాత ఏ పిల్లా ఇంటి గొడవ చెప్పదు.

మనిషికి పది నిమిషాలు చాలు. 45 నిమిషాల పీరియడ్‌లో నలుగురు, వారానికి ఎనిమిది మంది అవుతారు. 70 మందికి తొమ్మిది వారాలు పడుతుంది కాబట్టి జులైలో మొదలుపెడితే దసరా సెలవుల్లోపు ఒక చుట్టు పూర్తవుతుంది. అక్షర క్రమంలో పిలవకండి. ఉన్నట్టుండి హాజరు తగ్గినవాళ్ళు, మధ్యాహ్న భోజనం మానేసినవాళ్ళు, జట్టు వదిలి ఒంటరిగా కూర్చునేవాళ్ళు ముందు. కానీ వాళ్ళ మధ్యలో మామూలు పిల్లల్ని కూడా పిలవాలి, లేకుంటే 'మేడం పిలిచిందంటే ఏదో తేడా' అని క్లాసంతా పేరు పెడతారు. చోటు నలుగురికీ కనపడాలి, మాట మాత్రం వినపడకూడదు. తలుపు తీసిన లైబ్రరీ గది, వరండా చివర బెంచీ లాంటివి సరిపోతాయి. స్టాఫ్ రూమ్ అస్సలు వద్దు.

'ఏమన్నా సమస్యా?' అంటే 'ఏం లేదు మేడం' అనే వస్తుంది. రాత్రి ఎన్నింటికి నిద్ర పడుతోంది, ఇంట్లో రాత్రిళ్ళు ఎవరుంటారు, పొద్దున ఏం తిని వచ్చావు, అమ్మ ఫోన్ చేసి ఎన్నాళ్ళయింది? ఇట్లా అడగండి. నిద్ర, తిండి రెండూ రెండు వారాలకు పైగా దెబ్బతిని ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే.

ఇంట్లో చెప్పడం గురించి: 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకండి. మొదటి నిమిషంలోనే ఇట్లా అనండి: 'నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీ ప్రాణానికి ప్రమాదమున్నా, ఎవరన్నా నిన్ను చెడుగా తాకుతున్నా మాత్రం చెప్పాల్సిన వాళ్ళకు చెప్తాను.' లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, దాచడం నేరం. మీరే గుచ్చిగుచ్చి విచారించొద్దు. పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసి, తేదీ వేసి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. బడి పరువని సర్దిచెప్పేవాళ్ళు ఒకరిద్దరు తగులుతారు, వినకండి.

చనిపోవాలనుంది అన్న అనుమానం వస్తే సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంటి పెద్దను పిలిపించి పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయించాలి, కనీసం తాళం వేయించాలి. అన్నిటికన్నా ముందు చేయాల్సింది అదే, మనోళ్ళు మరిచిపోయేదీ అదే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ రోజే జిల్లా కేంద్రంలోని సర్వజన ఆసుపత్రికి తీసుకుపోయి మానసిక వైద్యులకు చూపించాలి.

ఇంకోటి, 100 మంది అంతకు మించి విద్యార్థులుంటే అర్హతగల కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. హెచ్‌ఎం గారితో ఆ మాట పైకి రాయించండి.

జవాబు: పాలిటెక్నిక్ లెక్చరర్, ఒంగోలు

దారుల సంగతి నవంబరు నుంచి చాలు, కానీ కాగితం మీద చెప్పండి.

పాలిటెక్నిక్ డిప్లొమాకు ప్రవేశ పరీక్ష పాలీసెట్. 120 మార్కులు, రెండు గంటలు. లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. మీ బయాలజీకి అందులో చోటు లేదు మేడం! డిప్లొమా మూడేళ్ళు, తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. లెక్కలు పడని పిల్లవాణ్ణి 'తొందరగా ఉద్యోగం' అని ఇటు తోయకండి. మొదటి ఏడాది ఫెయిలయ్యేది ఇంజనీరింగ్ మ్యాథ్స్‌లోనే. అట్లాంటివాడి చేతిలో పనితనం ఉంటే ఐటీఐ నయం. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ళు, వెల్డర్ ఒక ఏడాది.

మన రాష్ట్ర ప్రభుత్వ ట్రిపుల్ ఐటీకి (ఆర్జీయూకేటీ) ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే ఆధారం. ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంది. కోర్సు ఆరేళ్ళు, రెండేళ్ళు పీయూసీ (ఇంటర్ లాంటిది), నాలుగేళ్ళు బీటెక్. ఒంగోలు పేరుతో ఒక క్యాంపస్ ఉన్నా కోరిన చోటే సీటొస్తుందని చెప్పొద్దు.

ఫెయిలైన వాళ్ళను ముందే లెక్కలో పెట్టుకోండి. సప్లిమెంటరీ పాసైతే ఏడాది పోదు, అదే సంవత్సరం ఇంటర్లో చేరొచ్చు. ఫలితాల రోజు ఆ మాట అవ్వాతాతలకు కూడా తెలిసి ఉండాలి.

ప్రశ్న అడిగిన టీచర్

చాలా సంతోషం సార్, మేడం. ఎన్‌ఎంఎంఎస్ (పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్) వస్తున్న పిల్ల ఒకతి ఉంది. వాళ్ళ నాన్న నెల్లూరులో ప్రైవేట్ కాలేజీ హాస్టల్లో వేస్తానంటున్నాడు. స్కాలర్‌షిప్ సాగుతుందా?

జవాబు: హెచ్‌ఎం, కందుకూరు

సాగదమ్మా. ఎన్‌ఎంఎంఎస్ ఏడాదికి 12,000, ఇంటర్ రెండేళ్ళూ రావాలంటే ప్రభుత్వ, స్థానిక సంస్థల లేదా ఎయిడెడ్ కాలేజీలోనే చదవాలి. పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 55. ప్రతి ఏడాదీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో రెన్యువల్ చేయకుంటే ఆగిపోతుంది. కాలేజీ మారినప్పుడు ఎక్కువమందికి పోయేది అక్కడే. ఆ పిల్ల నాన్నతో 'ప్రైవేట్ వద్దు' అని వాదం పెట్టుకోబాకండి. పోయే 24,000, కట్టాల్సిన హాస్టల్ ఫీజు ఒక కాగితం మీద పక్కపక్కన రాసి ఇవ్వండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పుస్తకాలు ఉచితం, 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారని కింద రాయండి.

కాగితాల పని డిసెంబర్లోనే ముగించండి. ఆధార్‌లో, స్కూల్ రికార్డులో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకటేనా చూడండి. తేడా ఉంటే పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పోకముందే దిద్దించాలి, మెమో అచ్చయినాక తిరుగుడే తిరుగుడు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు ఊరి సచివాలయంలో అర్జీ పెట్టించండి. అమ్మానాన్నలు వలసలో ఉన్నోళ్ళకు సంక్రాంతికి ఊరొచ్చినప్పుడే సంతకాలు దొరికేది.