బ్లాక్‌జాక్‌లో పందెం పెంచే పద్ధతులు నిజంగా పనిచేస్తాయా?

ఫ్రిస్కో_శ్రీను:
వచ్చే లాంగ్ వీకెండ్‌కి ఆరుగురం వేగస్ వెళ్తున్నాం, బ్లాక్‌జాక్ ఆడాలని (21 దాటకుండా డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన పేకాట). మాలో ఒకతను మార్టింగేల్ అని ఒక పద్ధతి పట్టుకొచ్చాడు. ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేసుకుంటూ పోవాలట. ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాం కదా, అప్పుడు పోయిందంతా వచ్చేసి, పైన మొదటి పందెమంత లాభం మిగులుతుందట. కాగితం మీద చూస్తే నాకు తప్పేం కనపడలేదు. ఏ ముక్కలొస్తే ఏం చేయాలో చెప్పే బేసిక్ స్ట్రాటజీ పట్టిక దాదాపు నోటికొచ్చు. ఆడినవాళ్లు చెప్పండి.

గోదారి_గట్టు:
నాలుగేళ్లుగా నేను ఆడేది అదే. మొత్తం ఎనిమిది ట్రిప్పులు, ఆరుసార్లు లాభంతోనే ఇంటికొచ్చా. పోయినచోటే వెతుక్కోవాలని పెద్దలు ఊరికే అనలేదు. భయపడి మధ్యలో ఆపేవాడికే నష్టం.

లెక్కల_మాస్టారు:
గట్టు గారూ, ఆ ఆరింట్లో ఎంత వచ్చింది, మిగతా రెండింట్లో ఎంత పోయింది?

గోదారి_గట్టు:
ఆరింట్లో కలిపి 1,400 డాలర్ల దాకా. రెండింట్లో 1,900 పోయాయి. కానీ రెండోసారి కాస్త మందెక్కువై పద్ధతి సరిగ్గా పాటించలేదు, అది లెక్కలోకి రాదు.

లెక్కల_మాస్టారు:
వస్తుందండీ. మార్టింగేల్ అచ్చం అలాగే ఉంటుంది. చాలాసార్లు కొంచెం కొంచెం ఇచ్చి, ఒక్కసారి ఊడ్చుకుపోతుంది.

శ్రీనూ, 15 డాలర్ల టేబుల్ అనుకో. 15, 30, 60, 120, 240, 480. వరసగా ఆరు ఓడితే 945 పోతాయి. ఏడో పందెం 960 పెట్టాలి, టేబుల్ పరిమితి 500 అయితే పెట్టనివ్వరు. నువ్వు ఏ మెట్టు మీద గెలిచినా మామూలుగా చేతికొచ్చే లాభం 15 మాత్రమే. అంటే 945 పణంగా పెట్టి 15 కోసం ఆడుతున్నావు. ఇది సరిపోవాలంటే ఆరు వరస ఓటములు 64 సార్లకు ఒకసారికి మించి రాకూడదు. బ్లాక్‌జాక్‌లో టై అయినవి తీసేస్తే ప్రతి చేతిలో, అంటే ఒక్కో ఆటలో, మనం ఓడే అవకాశం 53 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని ఆరుసార్లు గుణిస్తే దాదాపు 45 సార్లకు ఒకసారి. బ్లాక్‌జాక్ పడితే (మొదటి రెండు ముక్కలూ ఆసు, పది విలువదీ అయితే) వచ్చే ఒకటిన్నర రెట్లు, డబుల్ చేసినప్పుడు (పందెం రెట్టింపు చేసి ఒక్క ముక్కే తీసుకోవడం) వచ్చేవి కొంత పూడుస్తాయి. పూర్తిగా పూడ్చవు.

1956లో అమెరికాలోని అబర్డీన్ సైనిక స్థావరంలో నలుగురు సైనికులు మామూలు కాలిక్యులేటర్లతో నెలల తరబడి కూర్చుని ఈ ఆటకు సరైన పట్టిక మొదటిసారి ప్రచురించారు. ఏ ముక్కకు ఏం చేయాలన్నది అందులో ఉంది. పందెం పెంచితే గెలుస్తారని మాత్రం లేదు.

నైట్‌షిఫ్ట్:
మాస్టారి లెక్క టేబుల్ దగ్గర ఎలా ఉంటుందో నేను చెప్తా. వెయ్యి డాలర్లు పట్టుకెళ్లా, ఇదే పద్ధతి. ఐదు వరసగా పోయాయి. ఆరో పందెం 480 పెట్టా. నాకు 6, 5 వచ్చాయి, మొత్తం 11. డీలర్ ముందు 6. ఇంతకంటే మంచి చెయ్యి అరుదు, కళ్లు మూసుకుని డబుల్ చేయాలి. నా దగ్గర మిగిలింది 55. డీలర్ అమ్మాయి నా చిప్స్ వైపు, నా మొహం వైపు చూసింది. పక్కన కూర్చున్న పెద్దాయన "డబుల్, డబుల్" అంటున్నాడు. చేతులు చెమటలు. మామూలుగా ఒక ముక్క తీసుకున్నా, 2 వచ్చింది. 13 మీద ఆగా. ఆమె మూసిన ముక్క తిప్పితే రాజు, అంటే పది. 16. ఇంకోటి లాగింది, 5. ఇరవై ఒకటి.

తర్వాత అరగంట స్లాట్ మెషీన్ల మధ్య ఊరికే తిరిగా. రూమ్‌కెళ్లి ఏం చెప్పాలో తెలియక.

గోదారి_గట్టు:
బ్రదర్, డబుల్ చేసి ఉంటే అదే 2 వచ్చేది, 960 పోయేవి. పద్ధతి నిన్ను కాపాడింది!

నైట్‌షిఫ్ట్:
అన్నా, నవ్వించావు. కానీ ఒక్క చేతిని పట్టుకుని లెక్క వేయకూడదు కదా. అలాంటి వంద చేతుల్లో డబుల్ చేయలేకపోతే ఎంత పోతుందో చూడు. మెట్లెక్కే కొద్దీ, అందరూ చేయమనే డబుల్, స్ప్లిట్ (జత ముక్కల్ని విడదీసి, ఇంకో పందెం పెట్టి రెండు చేతులుగా ఆడటం) చేయడానికే భయమేస్తుంది. శ్రీను నోటికి పట్టిన పట్టిక ఆ మెట్టు దగ్గర గాలికి పోతుంది.

ప్లేనో_పద్మ:
మీరంతా ఓడినప్పుడు పెంచడం గురించే మాట్లాడుతున్నారు. నేను గెలిచినప్పుడు పెంచుతా. 15 గెలిస్తే 30, అదీ గెలిస్తే 60, మూడోదీ గెలిస్తే తీసి పక్కన పెట్టి మళ్లీ 15. పోయేది నా పదిహేను మాత్రమే. మాస్టారు దీనివల్లా లాభం లేదంటారు, తెలుసు. ఒప్పుకుంటా. 300తో మూడు గంటలు కూర్చుని నవ్వుకుంటూ రావడానికి ఇది చాలు, అంతే నేను కోరేది.

అసలు సంగతి పందెంలో లేదండీ, టేబుల్ మీద గుడ్డ మీద రాసి ఉంటుంది. బ్లాక్‌జాక్‌కి 3కి 2 ఇస్తారా, 6కి 5 ఇస్తారా చూడండి. 15 పెడితే మొదటిదాంట్లో 22.50 వస్తుంది, రెండోదాంట్లో 18. దాదాపు 21 చేతులకో బ్లాక్‌జాక్ పడుతుంది. గంటకు 70 చేతులు వేసుకుంటే, కేవలం ఆ ఒక్క రూలుకే గంటకు 15 డాలర్లు ఎక్కువ సమర్పించుకుంటున్నట్టు. మొదటి ట్రిప్‌లో నేను ఆ అక్షరాలు చూడనే లేదు. స్ట్రిప్‌లో, అంటే వేగస్‌లో పెద్ద క్యాసినోలుండే వీధిలో, తక్కువ పందెం టేబుళ్లలో చాలావరకు 6కి 5వే.

లెక్కల_మాస్టారు:
పద్మ గారి మాటకు నా ఓటు. మంచి రూల్స్ ఉండి, పట్టిక ప్రకారం ఆడితే క్యాసినోకి మనమీద ఉండే పైచేయి అర శాతం చుట్టూ ఉంటుంది. పైన చెప్పిన 70 చేతుల లెక్కన గంటకు ఐదు డాలర్లు. సినిమా టికెట్ కంటే చవక. మార్టింగేల్‌లో అదే అర శాతం, కాకపోతే పెట్టే మొత్తం ఎక్కువ.

హైలో:
పందెం మార్చడం దండగ అని అందరూ తేల్చేస్తున్నారు, అది కూడా తప్పే. గెలిచామా ఓడామా అని చూసి మార్చడం దండగ. మిగిలిన ముక్కల్ని చూసి మారిస్తే పనిచేస్తుంది. 2 నుంచి 6 దాకా వెళ్లిపోతే ప్లస్ ఒకటి, పదులు (బొమ్మ ముక్కలూ పదులే), ఆసులు వెళ్లిపోతే మైనస్ ఒకటి, మిగిలినవి సున్నా. వచ్చిన లెక్కను ఇంకా మిగిలిన డెక్కులతో భాగించాలి. లెక్క పైకి పోతే షూలో (డీలర్ ముక్కలు తీసే పెట్టెలో) పదులు, ఆసులు ఎక్కువ ఉన్నట్టు, అప్పుడు పైచేయి మనది. ముక్కలు లెక్కపెట్టి గెలవొచ్చని ఎడ్వర్డ్ థార్ప్ అనే లెక్కల ప్రొఫెసర్ 1962లో పుస్తకం రాస్తే క్యాసినోలు కంగారుపడి కొంతకాలం రూల్స్ కూడా మార్చాయి.

అయినా కోటీశ్వరులమైపోం. పైచేయి ఒక శాతం ఉన్నప్పుడు 10,000 డాలర్ల పెట్టుబడి ఉన్నవాడు పెట్టాల్సింది 75 చుట్టూ. అంతకు మించితే లెక్క సరిగ్గా వేసినా మునగొచ్చు. ముక్కలు ఎప్పటికప్పుడు కలిపేసే మెషీన్ ఉంటే ఆ టేబుల్ వదిలేయాలి. నెవాడాలో తలలో లెక్కపెట్టడం నేరం కాదు, కానీ పట్టుకుంటే ఇక ఆడొద్దని పంపించేస్తారు. న్యూజెర్సీలో అలా బయటికి గెంటడానికి వీల్లేదని 1982లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఫోన్‌లో యాప్ పెట్టి లెక్కపెట్టడం మాత్రం నెవాడాలో క్రిమినల్ కేసు. వీసా మీద ఉన్నవాళ్లు ఆ జోలికే పోవద్దు.

గోదారి_గట్టు:
అంత లెక్కలు పెట్టుకుంటూ కూర్చుంటే అది ఆఫీసు కదయ్యా, ఆటెక్కడ?

హైలో:
అదే అన్నా, ఏడాదిన్నర చేసి నేనూ మానేశా. ఆరు గంటలు నవ్వు మొహం పెట్టుకుని లెక్కపెట్టడం కంటే కోడింగ్ నయం.

ఫ్రిస్కో_శ్రీను:
సరే, నిర్ణయించుకున్నా. 300 నగదు, కార్డు మా ఆవిడ దగ్గర, 3కి 2 టేబుల్ దొరికితేనే కూర్చుంటా. పట్టిక కార్డు టేబుల్ దగ్గర పెట్టుకోనిస్తారా? ఇంకో డౌట్, డీలర్‌కి ఆసు వచ్చినప్పుడు ఇన్సూరెన్స్ అడుగుతారు కదా, నా చేతిలో 20 ఉంటే తీసుకోవచ్చా?

లెక్కల_మాస్టారు:
కార్డు మామూలుగా పెట్టుకోనిస్తారు, అక్కడి గిఫ్ట్ షాపుల్లోనే అమ్ముతారు. ఇన్సూరెన్స్ వద్దు. డీలర్‌కి బ్లాక్‌జాక్ ఉందని విడిగా వేసే, రెండు రెట్లు ఇచ్చే పందెం అది, గిట్టాలంటే మూడింట ఒకసారి డీలర్ కింద పది విలువ ముక్క ఉండాలి. 13 రకాల్లో అలాంటివి నాలుగే. పైగా నీ 20లోనే రెండు పదులు వెళ్లిపోయాయి.

గోదారి_గట్టు:
నేను ప్రతిసారీ తీసుకుంటా.

లెక్కల_మాస్టారు:
తెలుసండీ.