రౌమా పాత పట్టణంలోని చెక్క ఇళ్ళు నిజంగా పాతవేనా?

ప్రశ్న:
ఫిన్లాండ్ పశ్చిమ తీరంలో, బోత్నియా సింధుశాఖ వైపు ఉన్న రౌమా పట్టణం 1442లో ఏర్పడింది. అక్కడి పాత పట్టణంలో సుమారు 600 కట్టడాలున్నాయనీ, వాటిలో అధికభాగం చెక్కవేననీ, 1991లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చిందనీ చదివాను. అయితే ఫొటోల్లో ఆ గోడల పలకలు నిన్నమొన్న బిగించినట్టు కనిపిస్తున్నాయి. సముద్రపు గాలికి, మంచుకు చెక్క ఇంతకాలం ఆగుతుందా, లేక ఇవి పాత నమూనాలో మళ్ళీ కట్టిన ఇళ్ళా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
మీకు కనిపిస్తున్న పలకలు ఇంటికి తొడిగిన కవచం మాత్రమే; అసలు గోడ వాటి వెనుక ఉంది. చెక్కిన దుంగలను అడ్డంగా ఒకదానిపై ఒకటి పేర్చి, మూలల్లో గాళ్ళు కోసి ఒకదానిలో ఒకటి కూర్చి, మధ్య సందుల్లో నాచు కూరి కట్టిన గోడలవి. మేకులపై ఆధారపడని ఈ అల్లికలో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. మంచు కరిగిన నీరు, వాన చిందులు తగిలి ముందుగా కుళ్ళేది రాతి పునాదిపై ఆనిన అట్టడుగు దుంగే కనుక, గోడను జాకీలతో కొద్దిగా ఎత్తి ఆ ఒక్క దుంగను మార్చి, మిగతా గోడను అలాగే ఉంచవచ్చు. కాబట్టి ఒకే గోడలో శతాబ్దాల నాటి దుంగ, ఇటీవలి దుంగ పక్కపక్కనే ఉండవచ్చు. దీనిని నేను నకలు అనను. మరమ్మతుకు వీలుగా కట్టిన ఇల్లు మరమ్మతు పొందుతూ బ్రతకడమే దాని సహజ జీవితం.

పలకల వయసు వేరే కథ. తెరచాప ఓడల వ్యాపారం బాగా సాగిన 1890ల ప్రాంతంలో ఎన్నో ఇళ్ళ ముఖభాగాలకు నవ పునరుజ్జీవన శైలిలో (ఐరోపా పునరుజ్జీవన కాలపు కట్టడాలను అనుకరించే శైలి) కొత్త అలంకారం చేయించారు. ఓడల యజమాని నివాసమై, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న మారెలా ఇల్లు అందుకు మంచి ఉదాహరణ.

రెండవ సమాధానం:
పై వివరణకు ఒక చేర్పు. 1640లోనూ 1682లోనూ జరిగిన అగ్నిప్రమాదాలు పట్టణాన్ని దహించాయి. అందువల్ల ఇప్పటి ఇళ్ళు ప్రధానంగా 18, 19 శతాబ్దాలవి. వాటికంటే పాతవి వీధులు: ఇళ్ళు కాలిపోయినా మధ్యయుగపు వంపుల వీధులు చాలావరకు చెరిగిపోలేదు. ఫ్రాన్సిస్కన్ సన్యాసుల నాటి పవిత్ర శిలువ చర్చి, 1776లో కట్టిన పురమందిరం రాతి కట్టడాలు కావడం గమనించండి.

సముద్రపు ఉప్పు గురించి అంతగా భయపడనవసరం లేదు. అక్కడి నీటిలో లవణం మహాసముద్రంలో ఉన్నదానిలో ఆరోవంతు మాత్రమే. పైగా మంచుయుగంలో పేరుకున్న మంచు భారం తొలగిన నేల ఏటా కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పైకి లేస్తూ ఉండడంతో తీరం క్రమంగా పాత పట్టణానికి దూరమైంది.

మూడవ సమాధానం:
కొత్తగా కనిపించడానికి కారణం రంగు. వీధి వైపు గోడలకు అవిసె నూనెతో చేసిన రంగులు, పెరటి కొట్టాలకు జేగురు, రై అనే ధాన్యపు పిండి, అన్నభేది (ఇనుప సల్ఫేటు) కలిపి ఉడికించిన ఎర్రపూత వాడడం ఆ ప్రాంతపు సంప్రదాయం. ఈ ఎర్రపూత చెక్కలోని తేమను బయటికి పోనిస్తుంది. ప్లాస్టిక్ పొరలాగా పరుచుకునే ఆధునిక రంగు వేస్తే, ఏ పగులులోంచో లోపలికి చేరిన నీరు తిరిగి బయటపడే దారి లేక, పైకి నిగనిగలాడుతున్న పలక వెనుకనుంచి కుళ్ళుతుంది. పాత ఇల్లున్న ఎవరికైనా నేను ముందుగా చెప్పే జాగ్రత్త ఇదే.

ఇంకొక సంగతి: పాత రౌమా ప్రదర్శనశాల కాదు. అక్కడ నేటికీ వందలాది మంది కాపురముంటున్నారు, దుకాణాలు నడుస్తున్నాయి. చలికాలమంతా లోపల వేడి ఉండే ఇంటి దుంగలు పొడిగా ఉంటాయి. కప్పు కారితే ఆ వారంలోనే ఎవరో ఒకరు గమనిస్తారు. తాళం వేసిన చెక్క ఇంటికి ఆ రెండూ ఉండవు.