అప్‌డేట్: మోటార్‌హోమ్ టైర్లు మార్చేశాం

పోయిన నెల అడిగాను కదా, డాలస్‌లో మేం కొన్న సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్‌కి (ఇల్లులా ఉండే బండి) ఎక్కువ కాలం మన్నే టైర్లు ఏవని. "ముందు ఉన్నవాటి వయసు చూడండి" అన్నవాళ్లకు దండం. టైరు పక్క గోడ (సైడ్‌వాల్) మీద ఉండే డాట్ కోడ్ అనే తయారీ నంబరు చివర 2315 అని ఉంది. అంటే 2015లో 23వ వారం తయారీ! గాట్లు చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి, వెనక జంట చక్రాల్లో లోపలివైపు టైర్లకు మాత్రం సన్నటి పగుళ్లు. అమ్మినాయన "ఇంకా అయిదారేళ్లు ఢోకా లేదు" అన్నాడు మరి.

బండి ఫోర్డ్ ఈ-450 అనే వ్యాన్ చట్రం మీద కట్టింది, వెనక జంట చక్రాలు, మొత్తం ఆరు. 225/75 ఆర్16 సైజులో, లోడ్ రేంజ్ (బరువు మోసే స్థాయి) 'ఈ' ఉన్న మిషెలిన్ కంపెనీ అజిలిస్ టైర్లు వేయించాం. షాపువాళ్లు తెచ్చిన వాటిలో రెండు టైర్లు మూడేళ్ల కిందట తయారైనవి. వద్దన్నాను. మొహం మాడ్చుకున్నా మార్చి తెచ్చారు.

తర్వాత నీళ్లు, సామాను, పిల్లలతో సహా ట్రక్ స్టాప్‌లో కాటా వేయించి, ఆ బరువుకి కంపెనీ పట్టికలో ఎంత ఉంటే అంత గాలి కొట్టించాం. గాలి చూసేది పొద్దున్నే, బండి కదలకముందే. టెక్సాస్ ఎండకి చక్రాలకు తెల్ల కవర్లు కూడా కొన్నాం. మా ఆవిడ వాటిని మేజోళ్లంటోంది.