బెర్లిన్‌లో ఆరు నెలల ఎక్స్‌ఛేంజ్: రూమ్, రిజిస్ట్రేషన్, డబ్బు... ఏది ముందు?

అక్టోబరు_బ్యాచ్:

అందరికీ నమస్తే. వచ్చే వింటర్ సెమిస్టర్‌కి బెర్లిన్‌లో ఎక్స్‌ఛేంజ్ సీటు ఖాయమైంది. అక్టోబరు నుంచి మార్చి దాకా. యూనివర్సిటీ పంపిన మెయిల్లో అడ్రస్ రిజిస్ట్రేషన్, హెల్త్ ఇన్సూరెన్స్, బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చుల డబ్బు ముందే జమ చేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకునే వీసా ఖాతా), సెమిస్టర్ ఫీజు అన్నీ ఉన్నాయి గానీ, ఏది అయ్యాక ఏది చెయ్యాలో ఎక్కడా లేదు. హాస్టల్ ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉంది కాబట్టి బయట రూమ్ వెతుకుతున్నాను. ఒక ప్రకటనలో అద్దె బాగా తక్కువ, కానీ కింద "అన్మెల్డుంగ్ కుదరదు" అని రాశారు. ఉండేది ఆరు నెలలే కదా, తీసుకోవచ్చా? మొదటి నెలకి చేతిలో ఎంత పెట్టుకుని రావాలి? చలికాలంలో గది సంగతులు కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

స్ప్రే_ఒడ్డు:

ఆ రూమ్ తీసుకోకండి. అద్దెలో నెలకి వంద యూరోలు మిగిలినా సరే.

అన్మెల్డుంగ్ అంటే మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని పట్టణ కార్యాలయంలో, అంటే బ్యుర్గర్‌ఆమ్ట్‌లో, నమోదు చేయించుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయించుకోవాలని చట్టం. ఫీజు లేదు. అక్కడికక్కడే ఒక కాగితం ఇస్తారు, దాన్ని మెల్డెబెష్టేటిగుంగ్ అంటారు. చాలా బ్యాంకులు అకౌంట్ తెరవడానికి ఇదే అడుగుతాయి. వీసా పొడిగించాలన్నా ఇదే కావాలి. ట్యాక్స్ నంబరు కూడా ఈ నమోదు జరిగాకే పోస్టులో వస్తుంది, అది లేకుండా పార్ట్‌టైమ్ జీతం సరిగ్గా పడదు.

నమోదుకి పాస్‌పోర్టు, నింపిన ఫారం కాకుండా ఇంకో కాగితం తప్పనిసరి: వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. ఇల్లిచ్చినవాళ్ళు "ఈ మనిషి ఈ తేదీ నుంచి నా ఇంట్లో ఉంటున్నారు" అని సంతకం పెట్టి ఇచ్చే ఒక పేజీ ధ్రువీకరణ. అగ్రిమెంటు కాపీ దీనికి బదులు పనికిరాదు. అగ్రిమెంటు మాత్రమే పట్టుకెళ్ళి కౌంటర్ దగ్గర్నుంచి వెనక్కి తిరిగొచ్చేవాళ్ళు ప్రతి సెమిస్టర్‌లోనూ ఉంటారు. మీకు ఇల్లిచ్చింది ఓనరు కాక అసలు అద్దెదారు అయితే ఆయనే సంతకం పెట్టొచ్చు. కానీ అలా ఇంకొకరికి అద్దెకివ్వడానికి ఆయన దగ్గర ఓనరు అనుమతి ఉందో లేదో అడగండి. "అన్మెల్డుంగ్ కుదరదు" అని రాసేవాళ్ళలో చాలామందికి ఉండనిది ఆ అనుమతే. అది ఓనరుకి తెలిసిన రోజు ఇబ్బంది పడేది మీరు.

ఫారంలో మతం గడి ఒకటి ఉంటుంది, ఏదో ఒకటి రాసేద్దాం అనుకోకండి. క్యాథలిక్ అనో ఎవాంగెలిష్ (ప్రొటెస్టంట్) అనో రాస్తే చర్చి పన్నుకి నమోదైపోతారు. బెర్లిన్‌లో అది ఆదాయపు పన్ను మీద 9 శాతం. పన్ను పడేంత జీతం లేకపోతే ఇప్పటికి భారం ఏమీ ఉండదు గానీ, రికార్డులో ఉండిపోతుంది.

ఇంకొకటి, ఇక్కడ అందరినీ దెబ్బకొట్టేది: పోస్టుడబ్బా. బెర్లిన్ అపార్ట్‌మెంట్లకి సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. వీధి, ఇంటి నంబరు, ఆ తర్వాత మీ పేరు, అంతే. ఒకే నంబరు కింద ముందు భవనం, పెరటి భవనం కలిపి ముప్పై కుటుంబాలు ఉండొచ్చు. పోస్ట్‌మ్యాన్ డబ్బాల మీద ఇంటిపేర్లు చూసి ఉత్తరం వేస్తాడు. మీ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది, మీకు కబురు కూడా ఉండదు. బ్యాంకు కార్డు, దాని పిన్, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు అన్నీ పోస్టులోనే వస్తాయి, ఒక్కోటి ఒక్కో రోజు. దిగిన రోజే తెల్లకాగితం మీద పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు పెద్దక్షరాల్లో రాసి, డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా టేపుతో అంటించండి. ఓనరు తర్వాత మంచి ప్లేటు పెట్టిస్తాడు. అది కూడా కుదరకపోతే అడ్రస్‌లో మీ పేరు కింద "సి/ఓ" అని పెట్టి, డబ్బా మీద ఎవరి పేరుందో వాళ్ళది రాయించండి.

రింగ్‌బాన్_42:

పైన చెప్పినదానికి అపాయింట్‌మెంట్ సంగతి కలుపుతాను. మీ పేటలోని బ్యుర్గర్‌ఆమ్ట్‌కే వెళ్ళాలని నియమం లేదు, బెర్లిన్‌లో ఏ శాఖలోనైనా నమోదు చేస్తారు. నగర సేవల సైట్లో ఊరు మొత్తం కలిపి వెతికే బటన్ ఉంది, అదే నొక్కండి. క్యాలెండర్ అంతా ఎర్రగా కనిపించినా వదిలేయకండి, రద్దయిన స్లాట్లు రోజంతా మళ్ళీ కనిపిస్తుంటాయి. ఉదయం ఆఫీసులు తెరిచే వేళకి ఎక్కువ. 115కి ఫోన్ చేసినా వెతికి పెడతారు. రెండు వారాల్లో స్లాట్ దొరక్కపోతే భయం అక్కర్లేదు. గడువు లోపల బుక్ చేసినట్టు మెయిల్ దాచుకోండి, ప్రయత్నించారనడానికి అదే ఆధారం. ఆన్‌లైన్ నమోదు ఉంది గానీ అది ఎలక్ట్రానిక్ గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకి, ఇండియా నుంచి కొత్తగా దిగినవాళ్ళు మనిషిగా వెళ్ళాల్సిందే.

ఇక డబ్బు. బ్లాక్డ్ అకౌంట్‌లో 2024 సెప్టెంబరు నుంచి నెలకి 992 యూరోల లెక్క, ఆరు నెలలకి 5,952. అందరూ పొరపడేది ఎక్కడంటే, ఆ డబ్బు దిగిన రోజు చేతికి రాదు. మామూలు అకౌంట్ తెరిచి, దాని ఐబాన్ నంబరు ఇచ్చి, పాస్‌పోర్టు, వీసా అప్‌లోడ్ చేస్తే గానీ మొదటి 992 కదలదు. దీనికి రెండు మూడు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఈలోపు అద్దె, అడ్వాన్సు కట్టాలి.

లెక్క ఇలా వేసుకోండి. ప్రకటనల్లో రెండు అద్దెలు కనిపిస్తాయి: కాల్ట్‌మీట అంటే ఒట్టి గది అద్దె, వార్మ్‌మీట అంటే హీటింగ్, నీళ్ళు, మెయింటెనెన్స్ కలిపింది. కరెంటు, ఇంటర్నెట్ అందులో ఉన్నాయో లేదో విడిగా అడగాలి. అడ్వాన్సు కాల్ట్‌మీటకి మూడు రెట్లు మించకూడదని చట్టం. ఉదాహరణకి కాల్ట్ 450, వార్మ్ 550 అనుకుంటే, అడ్వాన్సు గరిష్ఠంగా 1,350, మొదటి నెల 550, మొత్తం 1,900. అడ్వాన్సుని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకి ఉంది, మొహమాటపడకుండా అడగండి. దీనిపైన తిండికీ ఇన్సూరెన్సుకీ కలిపి ఇంకో ఐదారు వందలు పక్కన ఉంచితే మొదటి నెల ఊపిరాడుతుంది. ఇదంతా ఫారెక్స్ కార్డులోనో, విదేశాల్లో పనిచేసే డెబిట్ కార్డులోనో ఉండాలి, బ్లాక్డ్ అకౌంట్‌లో కాదు.

గది చూడకుండా, తాళం చేతికి రాకుండా డబ్బు పంపొద్దు. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు వెయ్యండి, తాళాలు కొరియర్‌లో పంపుతాను" అన్న మాట వినబడిన క్షణమే ఆ సంభాషణ ఆపేయండి.

అక్టోబరు_బ్యాచ్:

చాలా థాంక్స్. ఆ రూమ్ వదిలేశాను. వీసాకి తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్సే యూనివర్సిటీ అడ్మిషన్‌కి సరిపోతుందా? సెమిస్టర్ ఫీజు కూడా ముందే కట్టాలా?

కార్టెన్_మే:

సరిపోదండి. అడ్మిషన్ సమయంలో యూనివర్సిటీ చూసేది మీ ఇన్సూరెన్సు సంగతి తెలిపే ఎం10 అనే ఎలక్ట్రానిక్ సందేశం. అది ఇక్కడి ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థే నేరుగా పంపాలి. పీడీఎఫ్ జత చేస్తే లెక్కలోకి రాదు. 30 ఏళ్ళ లోపు విద్యార్థులకి నెలకి దాదాపు 150 యూరోలు అవుతుంది. ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి ఎం10 పంపించమని అడగొచ్చు, దీనికి బెర్లిన్ అడ్రస్ కోసం ఆగక్కర్లేదు. ప్రైవేటు పాలసీతోనే ఉంటానంటే అప్పుడూ ప్రభుత్వ సంస్థ దగ్గర్నుంచే మినహాయింపు ఎం10 కావాలి. ఆ మినహాయింపు తీసుకుంటే చదువు పూర్తయ్యేదాకా వెనక్కి తిరగలేరు, బాగా ఆలోచించుకోండి. ఒక చిన్న విషయం: ట్రావెల్ పాలసీని మాత్రం పూర్తిగా వదిలేయొద్దు. ప్రభుత్వ ఇన్సూరెన్సు మీకు సాధారణంగా అక్టోబరు 1 నుంచి మొదలవుతుంది. సెప్టెంబరులో దిగితే ఆ మధ్య రోజులకి అదే అండ.

సెమిస్టర్ ఫీజు గడువు లోపల కట్టండి. ట్రాన్స్‌ఫర్‌లో రిఫరెన్స్ గడిలో వాళ్ళిచ్చిన నంబరు తూచా తప్పకుండా రాయాలి, లేకపోతే డబ్బు చేరినా మీ పేరున జమ కాదు. బస్సు, మెట్రో, లోకల్ రైలు టికెట్ ఈ ఫీజులోనే కలిసి ఉంటుంది. దాంతో జర్మనీ అంతా రీజినల్ రైళ్ళలో తిరగొచ్చు. ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు రైళ్ళకి మాత్రం పనికిరాదు. అది ఫోన్‌లో యాక్టివేట్ అయ్యేదాకా టికెట్ కొనాల్సిందే. టికెట్ల కోసం ఊరిని ఏ, బీ, సీ అని మూడు జోన్లు చేశారు. విమానాశ్రయం సీ జోన్‌లో ఉంది, కాబట్టి మొదటి రోజు ఏబీసీ టికెట్ తీసుకోండి. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీద ఉన్న మెషీన్‌లో ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే లెక్క, 60 యూరోల జరిమానా. తనిఖీ చేసేవాళ్ళు మామూలు బట్టల్లోనే ఉంటారు.

స్ప్రే_ఒడ్డు:

చలికాలం గది అడిగారు కదా, అది మిగిలిపోయింది.

రేడియేటర్ నాబ్ మీద 1 నుంచి 5 అంకెలుంటాయి. అవి వేగాన్ని చూపేవి అనుకుని 5లో పెడితే గది త్వరగా వేడెక్కదు. ఒక్కో అంకె ఒక ఉష్ణోగ్రత: 3 అంటే సుమారు 20 డిగ్రీలు, ఒక్కో అంకెకి 4 డిగ్రీలు తేడా. 3లో పెట్టి వదిలేయండి, బయటికెళ్ళేటప్పుడు 2కి తగ్గించండి. పూర్తిగా ఆపేస్తే గోడలు చల్లబడి, గదిలో తేమ వాటి మీద నీరై కూర్చుంటుంది. బూజు పట్టేది అక్కడే: కిటికీ అంచున, బీరువా వెనక, బయటి గోడ మూలల్లో. బీరువాని బయటి గోడకి ఆనించకుండా ఒక అరచేతి వెడల్పు వదలండి. రోజుకి రెండు మూడుసార్లు హీటర్ ఆపి, కిటికీ బార్లా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు గాలి మార్చండి. కిటికీని పైనుంచి కొంచెం వాల్చి రోజంతా ఉంచితే గాలి సరిగ్గా మారదు, గోడ మాత్రం చల్లబడుతుంది, హీటింగ్ బిల్లు పెరుగుతుంది. అన్నం వండినా, స్నానం చేసినా, బట్టలు గదిలో ఆరేసినా వెంటనే కిటికీ తెరవాలి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడేది ఎక్కువగా ఈ బూజు మరకలకే, అందుకే దిగిన రోజే నాలుగు మూలలూ, కిటికీ అంచులూ ఫోటో తీసి, తేదీతో సహా ఓనరుకి మెయిల్ చేయండి.

రింగ్‌బాన్_42:

రేడియో ఫీజు, అంటే ఇక్కడి ప్రజా రేడియో, టీవీ ఛానళ్ళ కోసం ప్రతి ఇల్లూ కట్టేది, ఎవరూ చెప్పలేదు. అన్మెల్డుంగ్ అయిన కొన్నాళ్ళకి ఒక ఉత్తరం వస్తుంది. టీవీ ఉన్నా లేకున్నా ఇంటికి నెలకి 18.36 యూరోలు. ఇది మోసం ఉత్తరం అనుకుని పడేసేవాళ్ళు చాలామంది, బకాయి అలా పెరుగుతూ పోతుంది. ఒక ఫ్లాట్‌లో ఎంతమంది ఉన్నా ఒక్కరు కడితే చాలు. ఇప్పటికే కడుతున్న రూమ్మేట్ నంబరు తీసుకుని ఫారంలో రాసి పంపండి. హాస్టల్లో ఉమ్మడి వరండాలోంచి నేరుగా తలుపు ఉండే సింగిల్ గది అయితే మాత్రం అది విడి ఇల్లుగానే లెక్క, మీరే కట్టాలి.

మార్చిలో వెళ్ళేటప్పుడు అబ్మెల్డుంగ్, అంటే అడ్రస్ నమోదు రద్దు, చేయాలి. ఖాళీ చేసే తేదీకి వారం ముందు నుంచి, ఆ తర్వాత రెండు వారాల దాకా గడువు. పోస్టులో పంపినా సరిపోతుంది, అపాయింట్‌మెంట్ అవసరం లేదు. ఆ కాగితం కాపీ రేడియో ఫీజు వాళ్ళకీ ఇన్సూరెన్సుకీ పంపండి, లేకపోతే మీరు వెళ్ళిపోయాక కూడా బిల్లులు పడుతూనే ఉంటాయి. బ్యాంకు అకౌంట్ మాత్రం వెంటనే మూసేయకండి. హీటింగ్ లెక్కలు తేలేదాకా ఓనరు అడ్వాన్సులో కొంత నెలల తరబడి ఆపొచ్చు, అది వచ్చేది ఆ అకౌంట్‌కే.